తడబాట్ల రీలు

హాలీవుడ్ పక్కనున్న బర్‌బ్యాంక్‌లో కిటికీ లేని ఓ ఎడిటింగ్ గదిలో వెండెల్ కుప్‌చాక్ ఏళ్ల తరబడి నవ్వులు ఏరుతున్నాడు. టీవీ సీరియళ్లు డీవీడీలుగా వచ్చేటప్పుడు చివర్లో చేర్చే నటుల తడబాట్లన్నీ ఆయన కూర్చినవే. మెడ ముందుకు వంగిపోయింది. శాండ్‌విచ్ ఎడమచేత్తోనే తింటాడు, కుడిచెయ్యి మీటల మీదే ఉంటుంది. ఎవరైనా తలుపు తోస్తే వెలుతురుకి కళ్లు చికిలిస్తాడు తప్ప తల తిప్పడు.

ఈసారి ఓ కామెడీ సీరియల్లో తాత వేషం వేసే లైల్ బ్రానిగన్, మనవరాలిని పేరు పెట్టి పిలవాల్సిన చోట పదే పదే ఆగిపోయాడు. ఆగినప్పుడల్లా ఓ కోతి మొహం పెట్టాడు. సెట్టంతా పగలబడి నవ్వింది. "అదిరింది! మొదట ఇదే పెట్టు," అంది నిర్మాత షెల్బీ. కోతి మొహానికి ముందు, రెప్పపాటు సేపు, లైల్ కళ్లలో పేరు గుర్తురాని బెదురు వెండెల్‌కి కనబడింది. లైల్‌ని పిలిపించి ఆ ముక్క చూపించాడు. "ఇది తీసేస్తానండీ. ఎవరికీ చెప్పను."

లైల్ లేచి తలుపు వేసి వచ్చాడు. "తియ్యకు నాయనా. తీస్తే ఎందుకు తీశావని అడుగుతారు. వాళ్లు నవ్వుతున్నంత కాలమే నాకు పని."

"డాక్టరుకి చూపించుకున్నారా?"

"చూపించుకుంటే తెలిసిపోతుందిగా!"

వెండెల్ మీటల వైపు తిరిగాడు. బెదురు కనబడే ఆ రెప్పపాటును కత్తిరించి, సెట్టువాళ్ల నవ్వును అక్కడికి జరిపాడు. లైల్, వెండెల్ కుర్చీ అంచు పట్టుకుని వెనకే నిలబడి చూశాడు.

"ఇంకొంచెం పెద్దగా నవ్వించు," అన్నాడు.