యెహెజ్కేలు మాస్టారి తీర్పు

మనిషి కనబడితే చాలు, అతను మితవాదో అతివాదో తేల్చి, ఎవరి ప్రభావంలో పడ్డాడో చెప్పందే యెహెజ్కేలు మాస్టారికి ముద్ద దిగేది కాదు. కొవ్వూరు మిషన్ బడిలో ఆయన చెప్పేది లెక్కలు. పిల్లల లెక్క తప్పినా ఊరుకునేవారు గానీ, మనిషి వాదం తేలకపోతే ఊరుకునేవారు కాదు.

"ఈ పులుసు అతివాదం, జ్ఞానమ్మా. మీ పుట్టింటి ప్రభావం," అనేవారు భార్యతో.

"తినే నోరు ఏ వాదమైతేనేంటి? ముందు కంచం ఖాళీ చెయ్యండి," అనేది ఆవిడ.

అవి వందేమాతరం రోజులు. కలకత్తా నాయకుడొకాయన ఉపన్యాసాలకు దేశం ఊగిపోతోంది. సర్కారు కచేరీ గుమస్తా భీమరాజు ఆయన బొమ్మకు పటం కట్టించి తన ఇంటి వసారాలో తగిలించాడు. ఆయన మితవాదని భీమరాజు, కాదు పచ్చి అతివాదని మాస్టారు, రోజూ సాయంత్రం ఆ పటం కిందే గొంతులు చించుకునేవారు.

"అర్జీలు పెట్టుకునే మనిషి అతివాది ఎలా అవుతాడండీ?"

"ఆ అర్జీలో వేడి చూశారా రాజుగారూ? అదంతా ఇటలీ విప్లవకారుల ప్రభావం!"

ఆ కేకలు గోదావరి దాటి రాజమండ్రిలో వినిపించేవని ఊళ్లో వేళాకోళం. నిజంగానే వినిపించాయి కాబోలు, ఒకనాడు అక్కణ్ణించి పోలీసు ఇన్‌స్పెక్టరు దిగాడు. భీమరాజుకు ఇంటెడు పిల్లలు, ముసలి తల్లి, ఆ ఒక్క జీతమే ఆధారం.

"పటంలో ఆయన అతివాదైతే ఈ రాజుగారి ఉద్యోగం ఇవాళ్టితో సరి. తేల్చగలిగేది మీరేనని ఊరంతా అంటోంది. చెప్పండి మాస్టారూ!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సర్కారే వచ్చి తన అభిప్రాయం అడుగుతోంది! మాస్టారు మీసం దువ్వుకోవడం చూసి, తన పని అయిపోయిందనుకున్నాడు భీమరాజు.

"మితవాదండి," అన్నారు మాస్టారు.

ఇన్‌స్పెక్టరు నమ్మలేదు.

"మరి ఆ ఆవేశం ఏంటండి?"

"మన ఆనకట్ట దగ్గర హోరు లేదాండీ? నీళ్లు మాత్రం బుద్ధిగా సర్కారు కాలవలోకే పోతాయి. ఇక ప్రభావమంటారా, అంతా ఇంగ్లీషు పుస్తకాలదే. ఆయన్ని పట్టుకోవాలంటే, ముందు అవి రాసిన దొరల్ని పట్టుకోవాలి. వాళ్లలో పెద్దాయన ఎవరంటే..."

మాస్టారి నోట దొర తరవాత దొర పేరు వస్తూనే ఉంది. ఇన్‌స్పెక్టరు టోపీ అందుకుని, "మితవాదే, మితవాదే," అంటూ మెట్లు దిగాడు.

భీమరాజుకు కళ్లు చెమర్చాయి. వాదంలో ఒక్కనాడూ తగ్గని మనిషి తన కూటి కోసం తగ్గాడు. మాస్టారి చేతులు రెండూ పట్టుకున్నాడు.

"మొత్తానికి నా మాట ఒప్పుకున్నారు మాస్టారూ!"

మాస్టారు వీధిలోకి తొంగిచూశారు. ఇన్‌స్పెక్టరు మలుపు తిరిగాడు.

"ఎవరండీ ఒప్పుకుంది? కూర్చోండి రాజుగారూ. ఆయన పచ్చి అతివాది!"