కుప్పంలో చూసిన సగం సినిమా

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి మంచం మీద బోర్లా పడుకుని ఫోనులో ఏదో ఇంగ్లీషు సినిమా చూస్తుంటే, బీరకాయలు చెక్కు తీస్తూ నేనూ ఓ కన్ను అటు వేశాను. వేరే లోకం నుంచి వచ్చిందేదో ఊళ్ళోకి చొరబడింది, చెబితే పెద్దవాళ్ళు నమ్మరు, పదేళ్ళ పిల్లాడొకడు టార్చిలైటు పట్టుకుని చీకటి మెట్లు దిగుతున్నాడు. నా చేతిలో బీరకాయ చేతిలోనే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడు మా పిల్ల తెర మీద వేలు పెట్టి కథను పావుగంట ముందుకు నెట్టేసి, "వానికేం కాదులేమా, కడాకు బతుకుతాడు, నాకు ముందే తెలుసు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తలకు రంగు వేసుకునే వయసులో, ఎవరో పరాయి పిల్లాడు మెట్లు ఎలా దిగాడో చూడనివ్వలేదని అంత కోపం రావడమేమిటని నవ్వూ వచ్చింది గానీ, ఆ పూటంతా ఒక చోట కుదురుగా కూర్చోలేకపోయాను.

మా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తొంభైల్లో తెలుగులోకి మార్చిన ఇంగ్లీషు పిక్చర్లు వచ్చేవి. మన సినిమాల్లో అప్పట్లో పిల్లలకు పెద్ద పనేమీ ఉండేది కాదు. జాతరలో తప్పిపోవడం, ఒక పాట పాడడం, ఆ పాట సగంలో పరుగెత్తుతూ పరుగెత్తుతూ పెద్దవాళ్ళైపోవడం, అంతే. ఈ ఇంగ్లీషు పిక్చర్లలో పిల్లలు మాత్రం పెద్దవాళ్ళయ్యేదాకా ఆగేవాళ్ళు కారు, ఆ ఒంటి మీది నిక్కరుతోనే లోకాన్ని కాపాడేయాలి. పైగా వాళ్ళు చెప్పింది ఇంట్లో ఎవరూ నమ్మరు, పొమ్మని కసురుతారు, ఆ ఒక్క ముక్కకే మేము వాళ్ళకు దాసోహమైపోయాం. మాకూ ఇంట్లో అదే మర్యాద కదా. ఎవరో పెద్దావిడ గొంతు సన్నం చేసి పిల్లాడికి మాటలు చెబుతున్నట్టు తెలిసిపోతూనే ఉండేది, అయినా "మనకు సమయం లేదు, ప్రమాదం ముంచుకొస్తోంది" అని ఆ పుస్తకాల తెలుగు వినగానే గుండె దడదడలాడేది. నేనూ మా తమ్ముడూ ఇంటికొచ్చాక చెంబుడు నీళ్ళు కావాలన్నా అదే భాషలో అడిగి మా అమ్మ చేత చీవాట్లు తినేవాళ్ళం.

మాది పుంగనూరు. మా నాయనకు సైకిలు సామాన్ల అంగడి ఉండేది. సరుకు కోసం మదనపల్లెకు పోయినప్పుడు, సెలవు రోజైతే మమ్మల్నిద్దరినీ వెంట తీసుకుపోయి, తన పని చూసుకునేదాకా ఏదో ఒక హాల్లో కూర్చోబెట్టేవాడు. మేము ఆయన కాళ్ళకు అడ్డం పడకుండా ఉండాలన్నదే ఆయన కోరిక. అందుకే ఏ సినిమా అని అడిగేవాడు కాదు, ఎప్పుడు అయిపోతుందనీ అడిగేవాడు కాదు. సామాను మూట కట్టడం పూర్తయిందంటే వచ్చి మమ్మల్ని లేపేవాడు. అలా నేను మొదలు చూసి చివర చూడని సినిమాలు ఎన్నో ఉన్నాయి. మిగతావన్నీ ఏమైపోయినా పర్వాలేదు గానీ, ఒక్క దాని సంగతే నన్ను ఇప్పటికీ నిలవనీయదు.

దాంట్లో ఆకాశం నుంచి ఒక ఓడ వచ్చి చెరుకు తోట లాంటి తోటలో పడుతుంది. అందులోంచి దొర్లిన చిన్న మెరుపు గుండొకటి మా తమ్ముడంత పిల్లాడికి దొరుకుతుంది. వెతుక్కుంటూ వచ్చినవాళ్ళ చేత చిక్కకూడదని వాడు దాన్ని గుటుక్కున మింగేస్తాడు. అక్కడినుంచీ వాడు నడిచే వీధిలో దీపాలు వాటంతటవే వెలుగుతుంటాయి, ఆ వెలుగు పట్టుకుని ఏదో ఒకటి వాడి వెనకాల వస్తూ ఉంటుంది, అదేమిటో మనకు చూపించరు, దాని ఊపిరి మాత్రం వినిపిస్తుంది. ఆ ఊపిరి సరిగ్గా ఆ పిల్లాడి మంచం కిందికి వచ్చేసరికి మా నాయన వచ్చి, బస్సు పోతాదని మా రెక్కలు పట్టుకుని లేపాడు. బస్సులో మా తమ్ముడు దారి పొడుగునా సీటు మీద కూర్చుంటే ఒట్టు. సీటు కింద ఏముందోనని మాటిమాటికీ వంగి చూసేవాడు.

మా ఊరి హాలుకు ఆ సినిమా వస్తుందేమోనని రోజూ గోడలు చూశాం. దేవుళ్ళ సినిమాలొచ్చాయి, ఫ్యాక్షను సినిమాలొచ్చాయి, అది మాత్రం రాలేదు. ఆ ఎదురుచూపులోనే మా తమ్ముడు ఒక ఘనకార్యం చేశాడు. సైకిలు చక్రం ఇరుసులో వేసే ఉక్కు గుండ్లు, మేము బాల్సు అనేవాళ్ళం, మా అంగట్లో డబ్బాలకు డబ్బాలు ఉండేవి. వాటిల్లో ఒకటి మింగేసి, వీధి దీపం కింద నిలబడి అది వెలుగుతుందేమోనని చూశాడట. వెలగలేదు. ఇంట్లో తెలిస్తే వీపు విమానం మోత మోగుతుందని నాకొక్కదానికే చెప్పి, తన మీద ఒట్టు వేయించుకున్నాడు. నేనేమీ పెద్దగా పట్టించుకోలేదు, వాడు అంతకుముందు చింతగింజలూ మింగినవాడే.

ఆ ఎండాకాలం సెలవులకు మమ్మల్ని కుప్పంలో మా మేనత్త ఇంటికి పంపారు. బస్సు దిగీ దిగగానే గోడ మీద ఆ సినిమా కనిపించింది. అదే పిల్లాడు, అదే ఓడ, కాకపోతే అక్షరాలు మాత్రం అరవం. కుప్పం అంటే మూడు భాషల ఊరు, అటు నాలుగడుగులేస్తే తమిళం, ఇటు నాలుగడుగులేస్తే కన్నడం, కాబట్టి ఆ హాల్లో అరవం బొమ్మే పడేది. మాకొచ్చిన అరవమల్లా వాంగ, పోంగ, సాపిడు. భాషదేముంది, మాకు కావలసింది ఆ మంచం కింద ఏముందో అన్నదే కదా. మా మామ మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, తాను బయట ఎవరో తెలిసినవాళ్ళతో మాటల్లో పడ్డాడు.

మొదటి సగం మాకు కంఠతా వచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. మంచం కింద ఏముందో మాత్రం ఈసారీ చూపించలేదు, ఆ ఊపిరే వినిపించింది. ఆ తర్వాత, ఊరంతా ఆ పిల్లాడి వెంట పడ్డాక, గడ్డం ముసలాయన ఒకడు వాడి రెండు భుజాలు పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ, నెమ్మదిగా ఒక మాటన్నాడు. "సావి ఉన్‌కిట్టదా ఇరుక్కు." పిల్లాడు అర్థం కానట్టు చూస్తే మళ్ళీ అదే మాట. వాడు మెల్లగా తన కడుపు మీద చెయ్యి వేసుకున్నాడు. హాలంతా ఈలలు, చప్పట్లు.

మా వైపు చావును సావు అంటాం. ఇరుక్కోవడమంటే ఏమిటో మాకొకరు చెప్పాలా. కడుపులో గుండు ఉంది, చెయ్యి దాని మీదే ఉంది, సావు నీలో ఇరుక్కుని ఉందిరా అని ఆ ముసలాయన చెబుతున్నాడు. పసిపిల్లాడి చావుకు ఈలలేసే ఈ ఊరివాళ్ళు ఎంత పాపిష్టివాళ్ళో అనుకుంటూ పక్కకు తిరిగానో లేదో, మా తమ్ముడు కుర్చీలో లేడు. కడుపు గట్టిగా పట్టుకుని తలుపు వైపు పోతున్నాడు. నేనూ వెనకాలే పరుగెత్తాను. వాడికి కడుపునొప్పి వచ్చిందనుకుని మా మామ రిక్షా మాట్లాడాడు.

ఆ తర్వాతి రోజులు నేను ఎలా గడిపానో చెప్పలేను. వాడు ముద్ద ముట్టడు. మా అత్త వాము నీళ్ళు పట్టింది, దిష్టి తీసింది, వడదెబ్బేమోనని మజ్జిగ పోసింది. నేను ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఊరికే తిరిగేదాన్ని. చెప్పేద్దామా అంటే వాడి మీద వేసిన ఒట్టు, ఒట్టు తప్పితే వాడికే ఏదైనా అయితే? చెప్పకపోతే కడుపులో ఆ గుండు. మా అత్త చూడనప్పుడు వాడి చొక్కా పైకెత్తి పొట్టకు చెవి ఆనించేదాన్ని, ఏదో గుడగుడలాడేది, చటుక్కున చొక్కా దించేసేదాన్ని. వాడేమో ఏడవడం లేదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉండేది.

మా అత్తకు అప్పుడు ఒళ్ళో పాప. వాడికి ఆ పాపంటే ప్రాణం, వచ్చిన రోజు కింద దించనే లేదు. ఇప్పుడు పాపను తెస్తే చాలు, లేచి వసారా చివరకు పోయి ఒక్కడే కూర్చునేవాడు. ఆ పిల్లాడి వెనకాల వచ్చేది వాడితో పాటు పక్కనున్నవాళ్ళనూ పట్టుకుంటుందని సినిమాలో చూశాడు. ఒకసారి నేను దగ్గరికి పోతే, "నువ్వూ దూరంగానే ఉండక్కా, నాకు భయం లేదులే" అన్నాడు. ఎనిమిదేళ్ళవాడు అలా అన్నాడంటే మీరు నమ్ముతారో లేదో. ఆ సినిమాలు పిల్లల్ని పాడు చేస్తున్నాయని మా అమ్మ తిట్టేది గానీ, అంత ధైర్యం వాడికి మా ఇంట్లో ఎవరు నేర్పారు?

ఒకరోజు పొద్దున మా అత్త పాపను చంకనేసుకుని, మమ్మల్నీ వెంటబెట్టుకుని అంగడి నుంచి వచ్చింది. పక్కింట్లో ఒక అరవావిడ ఉండేది, మా అత్త ఎటైనా పోతే ఇల్లు ఆమెకే అప్పగించి పోయేది. మా మామ ఇల్లు తాళం పెట్టి ఎటో పోయి ఉండడం చూసి, మా అత్త ప్రహరీ మీదుగా కేకేసింది. "అక్కా, సావి ఉంగకిట్ట ఇరుక్కా?"

నాతో పాటు వెనకాలే వస్తున్న మా తమ్ముడు ఉన్నచోటే బిగుసుకుపోయాడు. ఆ అరవావిడ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, నవ్వుతూ, గోడ మీద నుంచి తాళంచెవుల గుత్తి అందించింది.

"అత్తా, సావంటే ఏంది?" అన్నాడు వాడు.

"సావు కాదు నాయనా, సావి. బీగంచెవి అప్పా, అది నీ దగ్గర ఉందా అని అడిగితిని. ఈడ అందరం అట్లే అంటాం" అంది మా అత్త, తలుపు తీస్తూ.

వాడు ఆ గుత్తి వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, అక్కడే మెట్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. అన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఇద్దరినీ చూసి మా అత్త బిత్తరపోయి తాను కూడా కళ్ళు తుడుచుకుంది, ఎందుకో ఆమెకు తెలియదు. ఆ పూట వాడు తిన్న సంగటి ముద్దలు చూసి మా మామ బెదిరిపోయాడు. ఉక్కు గుండంటారా, అది దాని దారిన అది ఎప్పుడు పోయిందో పోయింది.

కడుపు నిండాక వాడికి కొత్త బాధ పట్టుకుంది. ఆ పిల్లాడిలో ఉన్నది తాళంచెవి అయితే, అది ఏ తలుపుది? మా మామను బతిమాలి హాలు దాకా పోయాం. అప్పటికే బొమ్మ మారిపోయింది. తర్వాత, రెండు వేల సంవత్సరం దాటాక, వాడు ఇంజనీరింగు చదివే రోజుల్లో మదనపల్లెలో సీడీల అంగళ్ళన్నీ తిరిగాం. ఏమని అడుగుతాం, తెలుగులో ఒక పేరు, అరవంలో ఒక పేరు, అసలు పేరు మాకు తెలియదు. ఓడ, గుండు, గడ్డం ముసలాయన అని చెబితే అంగడివాడు మమ్మల్ని వింతగా చూశాడు. దొరకలేదు. వాడు అనుకున్న ముగింపు వాడికుంది, నేను అనుకున్నది నాకుంది, వాటి మీద ఇప్పటికీ పోట్లాడుకుంటాం.

ఇప్పుడు వాడు బెంగుళూరులో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. పోయిన ఏడాది ఒకరోజు ఫోను చేసి, కడుపులో ఏదో గడ్డలా కనిపిస్తే డాక్టర్లు అనుమానపడ్డారనీ, పరీక్షకు పంపారనీ, రిపోర్టు వచ్చేదాకా చాలా రోజులు పట్టిందనీ, ఏమీ లేదని తేలిందనీ, అంతా ఒక్క ఊపులో చెప్పేశాడు. ముందే ఎందుకు చెప్పలేదురా అంటే, "నీకెందుకులే అక్కా కంగారు, అంతా అయినాంక చెప్దామనుకుంటి" అన్నాడు. మాకు ఇప్పుడు మంచి మర్యాద వచ్చింది, ఒకరి భయం ఇంకొకరికి అంటనీయం. ఏమీ లేదన్న మాటకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, నిజమే. కానీ వాడు అక్కడ ఒక్కడే ఆ భయంతో కూర్చున్న రోజులన్నీ నేను ఇక్కడ వేళకు తిన్నాను, టీవీ చూశాను, హాయిగా నిద్రపోయాను. అదే నాకు మింగుడు పడడం లేదు.