నాయిన పార

తెలంగాణ వచ్చిన ఏడాదే నాకు కల్వకుర్తిలో ఆఫీసు కుర్చీ దొరికింది. ముందు పొట్ట వచ్చింది, దాని వెనకాలే షుగరూ వచ్చింది. అటెండరు ఫైలు కూడా టేబుల్ మీదికే తెస్తాడు, ఇక కదిలేదెప్పుడు? ఆ పొట్టను చూసి అందరికంటే ఎక్కువ మురిసింది మా నాయిన. ఊళ్లో వాళ్ల పొలాల్లో నలభై ఏళ్లు కూలి చేసిన మనిషికి కొడుకు ఒళ్లు చేయడమంటే గెలుపే. ఆ మురిపెం చెడగొట్టలేక షుగరు సంగతి దాచాను.

దవాఖానలో డాక్టరమ్మ మాత్రం మురవలేదు. "మూడు నెలల్ల బరువు తగ్గకపోతే సూదిమందే. రోజు పొద్దున నడువుండ్రి" అంది. సూదంటే నాకు చిన్నప్పటి నుంచీ హడల్. మర్నాడే బూట్లు కొన్నాను.

మా ఊరి రోడ్డు మీద నడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. వంద అడుగులు వేశానో లేదో బండి ఆగేది. "సారూ, నడుసుకుంట పోతున్నరేంది? ఎక్కుండ్రి!" వద్దంటే నొచ్చుకుంటారు. ఎక్కితే నా నడక గంగలో కలిసినట్టే. పైగా దారిలో ఆపి చక్కెర చాయ్ తాగించేవాళ్లు.

వారం గడిచాక ఒక సంగతి కనిపెట్టాను. భుజాన పార ఉన్నవాడి కోసం ఏ బండీ ఆగదు. తలుపు వెనక తుప్పుపట్టిన నాయిన పార తీసి, తలకు తువ్వాల చుట్టి బయల్దేరాను. మూడు రోజులు హాయిగా నడిచాను.

నాలుగో రోజు తిరిగొచ్చేసరికి అరుగు మీద నాయిన. పారను చూశాడు.

"నీ భుజం మీదికి అది రావొద్దనే గదరా నేను అన్నేండ్లు మోసిన."

సిగ్గుతో చచ్చిపోయాను. షుగరు, సూది, అన్నీ చెప్పేశాను.

మర్నాడు తలుపు వెనక పార లేదు. నాయిన చెప్పులేసుకుని వాకిట్లో ఉన్నాడు. "పా," అన్నాడు. మొదటి బండి ఆగగానే, "మీరు పోండ్రి! మా వానికి షుగరుంది, జర నడువనియ్యుండ్రి!" అని ఊరంతా వినేటట్టు అరిచాడు. పరువు పోయింది గానీ, ఆ తర్వాత ఏ బండీ ఆగలేదు.

కాలువ దాకా పోయి వెనక్కి తిరిగాను. నాయిన కదల్లేదు.

"ఏం పని లేకుంటనే వాపసు పోవుడా?"

"అంతే నాయినా."

ఆయనకు నచ్చలేదు. పళ్లు తోముకునే వేపపుల్లలు నాలుగు విరిచి చేత పట్టుకున్నాకే ఇంటిదారి పట్టాడు. రోజూ అంతే.

సూదిమందు తప్పింది. ఇంట్లో వేపపుల్లలు కట్టలు కట్టలుగా పేరుకున్నాయి, ఒక్కటి పారేయడానికి కూడా నాకు మనసు రాదు. మా నాయిన జన్మలో పని లేకుండా నడిచింది నాకోసమే.