అక్క డెబ్భై, నా ఒక్కటి

మా ఇంట్లో పుట్టినరోజు కానుకకి ఒక లెక్క ఉంది. ఎన్నేళ్ళు నిండితే అన్ని రూపాయలు. కొత్త నోట్లే కావాలి. శనివారం సాయంత్రమే వాటిని బైబిల్లో పెట్టుకుని, ఆదివారం గుడిలో ఎవరి పుట్టినరోజైతే వాళ్ళే తమ చేత్తో వెయ్యాలి. దాని మీద ఇంకొక్క రూపాయి ఉంటుంది. అది రాబోయే ఏడాదిది. దాన్ని మాత్రం పుట్టినరోజు మనిషి వెయ్యకూడదు, ఇంట్లో ఇంకొకరెవరైనా తమ సొంత డబ్బుతో వెయ్యాలి. ఇది మా లూథరన్ సంఘం పద్ధతేమీ కాదు, మా అమ్మ పద్ధతి. "ఏ పుస్తకంలో ఉందమ్మా ఇది?" అని గుడి అయ్యగారు నవ్వేవారు. అమ్మ కూడా నవ్వేది, నవ్వుతూనే రూపాయి వేసేది. అమ్మ పోయాక, అక్క పుట్టినరోజుకి ఆ రూపాయి వెయ్యడం నా వంతయింది. ముప్పై ఏళ్ళు తెనాలిలో పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, ఇలాంటివి నమ్మే మనిషిని కాను. అయినా ఒక్క ఏడు కూడా మానలేదు.

అక్కది రేపల్లె. కుట్టుమిషను తొక్కి ఇద్దరు కూతుళ్ళని చదివించిన మనిషి. కిందటేడు అక్కకి గుండెలో నొప్పి వస్తే గుంటూరు తీసుకెళ్ళి స్టెంటు వేయించాం. ఆ నాలుగు రోజులూ ఆస్పత్రి వరండాలో కూర్చుని నేను ఏ లెక్కా చెయ్యలేకపోయాను. ఇంటికి వచ్చిన నెలకి అక్కే ఫోన్ చేసింది.

"ఏమే, సింగపూరు సింగపూరు అని పదేళ్ళ నుంచి అంటున్నావుగా. డాక్టరు వెళ్ళొచ్చన్నాడు. పోదాం పద."

ఒకటే షరతు పెట్టింది. ప్రయాణంలో వచ్చే ఆదివారం తనకి డెబ్భై నిండుతాయి, ఆ పూట గుడికి వెళ్ళి తీరాలి. దానికేం భాగ్యం, డెబ్భై రూపాయలంటే అక్కడ ఒక డాలరు, ఒక్క బిళ్ళతో పని అయిపోతుంది అన్నాను. అక్కకి కోపం వచ్చింది.

"అదేం కుదరదు. అక్కడి గుళ్ళో అక్కడి లెక్కే. డెబ్భై డాలర్లు వేస్తాను. నువ్వు ఒక డాలరు వెయ్యి."

ఇక నా పని నేను మొదలుపెట్టాను. పరాయి దేశంలో డబ్బు ఎలా ఖర్చు పెడితే తక్కువలో పోతుందో తేల్చాలి. నాకు ఖర్చంటే భయం లేదు, దండగంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. రెండు నెలలు బ్యాంకుల చుట్టూ తిరిగాను, ఫోన్లో వీడియోలు చూశాను. తేలిందేమిటంటే, ఎయిర్‌పోర్టులో నోట్లు మార్చుకోవడం అన్నిటికన్నా దండగ. మామూలు క్రెడిట్ కార్డు గీస్తే బిల్లు మీద బ్యాంకు వాడు కొంత వేస్తాడు. ఏటీఎంలో తీస్తే తీసినప్పుడల్లా రుసుము. అన్నిటికన్నా చవక, ముందే డాలర్లు నింపుకుని వెళ్ళే ఫారెక్స్ కార్డు. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తుంది, తనూ మాతో వస్తానంది. ముగ్గురి డబ్బూ కలిపి నా పేర కార్డులో వేయించాను. నగదు ఎవ్వరూ తేకూడదని హుకుం కూడా జారీ చేశాను.

"మరి మధ్యలో నాకు మల్లెపూలు కొనుక్కోవాలనిపిస్తే ఎలా చిన్నొదినా?" అంది మరదలు.

"కార్డు గీకించు."

"పూలమ్మి దగ్గరా?"

మనిషి మంచిదే, నోరే ఊరుకోదు.

బయల్దేరే రోజు అక్క రేపల్లె ప్యాసింజరులో వచ్చింది. వేమూరు దాటగానే ఫోన్ చేసి, స్టేషనుకి ఎదురొస్తున్నావా లేదా అని ఆరా తీసింది. తెనాలిలో మేమిద్దరం చెన్నై బండి ఎక్కాం, మరదలు జంతికల డబ్బాతో బాపట్లలో ఎక్కింది. ఒంగోలు వచ్చేసరికి డబ్బా సగం ఖాళీ. నేను మాత్రం కార్డు గురించి చెప్తూనే ఉన్నాను. ముఖ్యమైన సూత్రం ఒకటుంది: అక్కడ కార్డు పెట్టినప్పుడు మిషను మీద "రూపాయల్లో కడతారా, డాలర్లలోనా" అని అడుగుతుంది. మనవాళ్ళు ఆశపడి రూపాయలు నొక్కుతారు. అలా నొక్కితే వాడికి తోచిన రేటు వేసుకుంటాడు. ఎప్పుడూ డాలర్లే నొక్కాలి. ఇది నాలుగోసారి చెప్పేటప్పటికి అక్క కిటికీకి తల ఆనించి నిద్రపోయింది.

చెన్నై ఎయిర్‌పోర్టులో నేను బాత్రూంకి వెళ్ళి వచ్చేసరికి అక్క నోట్లు మార్చే కౌంటరు దగ్గర నిలబడి ఉంది. పక్కన మరదలు తన పాస్‌పోర్టూ అక్క పాస్‌పోర్టూ పట్టుకుని ఉంది. నా ప్రాణం పోయినంత పనైంది. పరుగెత్తుకుంటూ వెళ్ళేటప్పటికే అక్క చేతిలో ఏడు పది డాలర్ల నోట్లు ఉన్నాయి, కడిగిన ముత్యాల్లా. రసీదు లాక్కుని చూశాను.

"అక్కా, నీకేమైనా మతి పోయిందా? ఇంతకన్నా చెత్త రేటు ఈ భూమ్మీద లేదు. నేను అక్కడ తీసిచ్చేదాన్నిగా."

"తీసిచ్చేదానివే. అది నీ కార్డులోంచి వచ్చేది. ఇది నేను జాకెట్లు కుట్టిన డబ్బు, నా చేత్తో ఇచ్చి నా చేత్తో తీసుకున్నాను."

"దండగ."

"నాది నేను చూసుకున్నాను. నీ డాలరు సంగతి నువ్వు చూసుకో."

విమానంలో రెండు గంటలు ఆ రసీదు వెనక దండగ ఎంతో లెక్క వేస్తూ కూర్చున్నాను నేను. తరవాత అక్క కిటికీలోంచి మబ్బుల్ని చూసి, "ఎవరో దూదేకినట్టుంది" అంటే నవ్వొచ్చి రసీదు మడిచేశాను.

సింగపూరులో నా కార్డు రాజ్యమేలింది. మెట్రో రైలు గేటు దగ్గర, ఆ కార్డుతోనే కొన్న పాసులు ఆనిస్తే తలుపు తెరుచుకునేది. ఇడ్లీకి కార్డు, నది మీద పడవకి కార్డు, తోటలో టిక్కెట్టుకి కార్డు. ఒక పెద్ద షాపులో మిషను నిజంగానే "రూపాయలా, డాలర్లా" అని అడిగింది. నేను అక్కనీ మరదలినీ పిలిచి, వాళ్ళు చూస్తుండగా డాలర్లు అన్న మాట మీద వేలు పెట్టి నొక్కాను. నా ఉద్యోగంలో ఎప్పుడూ అంత గర్వపడలేదు. పడవలో అక్క అందరికన్నా ముందు కూర్చుంది. గాలికి పైట ఎగిరి వెనకున్న వాళ్ళ మొహాన పడుతుంటే చిన్నపిల్లలా నవ్వింది. ఆస్పత్రిలో చూసిన మనిషేనా అనిపించి నా కళ్ళు చెమర్చాయి. ఎండ అని చెప్పి కళ్ళద్దాలు పెట్టుకున్నాను.

ఒక్క పొరపాటు జరుగుతోందని నాకు తట్టలేదు. అన్నిటికీ కార్డే కాబట్టి, నాలుగు రోజులైనా నా చేతికి ఒక్క చిల్లర బిళ్ళ కూడా రాలేదు. తీస్తే రుసుము పడుతుందని ఏటీఎం జోలికీ పోలేదు. ఎలాగూ ఒక్కసారి తియ్యాలి, ఆదివారం తీద్దాం అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే అక్క కంచి చీర కట్టుకుంది. రాత్రంతా బైబిల్లో ఉన్న నోట్లు ఒకసారి తీసి చూసుకుని మళ్ళీ పెట్టుకుంది. గుడి పక్క వీధిలో ఏటీఎం కనిపిస్తే, మీరు నడుస్తూ ఉండండి అని చెప్పి ఆగాను. ఫారెక్స్ కార్డు పెట్టి పిన్ నంబరు కొట్టాను, తప్పంది. నా దగ్గర మూడు కార్డులు, ఏది ఎక్కడ చవకైతే అది వాడదామని తెచ్చినవి. మూడింటికీ మూడు నంబర్లు, అదీ దొంగలకి దొరక్కుండా నేను పెట్టిన లెక్క ప్రకారం. రెండో నంబరు కొట్టాను, తప్పంది. మూడోది కొట్టాను. కార్డు పనిచెయ్యదని రాసి వచ్చింది. బ్యాంకు కార్డు తీస్తే, అది పరాయి దేశంలో పనిచెయ్యకుండా జాగ్రత్తకి నేనే ఆపించి వచ్చాను. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే వడ్డీ బాదుతారని దానికి ఆ వీలే తీసేయించాను. మూడు కార్డులు పట్టుకుని మిషను ముందు నిలబడ్డాను, నా దగ్గర ఒక్క డాలరు లేదు. అప్పుడే గంట మోగింది.

మరదలు వెనక్కి వచ్చింది. సంగతి చెప్పాను. తనూ నా హుకుం పాటించిన మనిషే, పర్సులో ఏమీ లేదు. "పెద్దొదిన నోట్లలోంచి ఒకటి మారిస్తేనో" అంది. అవి అక్కవి. అందులోంచి తీస్తే నాదెలా అవుతుంది? పైగా డెబ్భైలో తక్కువ పడుతుంది.

"ఈ ఒక్క ఏడూ వదిలెయ్యి చిన్నొదినా. ఊరెళ్ళాక వేద్దువులే."

"వదలను" అన్నాను. ఏ ఏడు వదిలినా ఈ ఏడు వదలను. గుంటూరులో ఆ వరండాలో కూర్చున్నప్పుడు నేను అడిగింది ఈ ఏడాదినే. నేను నమ్మననుకున్నదంతా ఆ మిషను ముందు అబద్ధమైపోయింది. అక్క ఇంకో ఏడు బతకాలి, దానికి నా డాలరు కావాలి, అంతే.

వీధి మూల ఒక టీ కొట్టు ఉంది. లోపల అక్క ఈడు తమిళావిడ పాలు కాస్తోంది. నా చేతిసంచీ అడుగున, తెనాలిలో దిగాక ఆటోకి పనికొస్తుందని దాచిన ఐదువందల నోటు ఒకటి ఉంది. తీసి ఆవిడ ముందు పెట్టాను. వచ్చిన ఇంగ్లీషంతా కలిపి, ఒక డాలరు బిళ్ళ కావాలి, ఇది తీసుకోండి అన్నాను. ఆవిడ నోటు అటూ ఇటూ తిప్పి, ఇది చాలా ఎక్కువ అని తమిళంలో ఏదో అంది. నోటు వెనక్కి తోసి, బిళ్ళ ఊరికే ఇవ్వబోయింది.

"వద్దమ్మా. ఊరికే వద్దు. నా డబ్బుతోనే కావాలి" అని తెలుగులోనే చెప్పి, గుడి వైపు చూపించి, నోటు ఆవిడ చేతిలో పెట్టి పిడికిలి మూశాను. ఆవిడకి ఏం అర్థమైందో గానీ తలూపి, డబ్బాలోంచి బిళ్ళ ఏరి, చీర కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

"చిన్నొదినా, మిగతా నాలుగొందల చిల్లర?" అంది మరదలు, నా వెనకే పరుగెత్తుతూ.

"నోరుముయ్యి."

మేం వెళ్ళేసరికి రెండో పాట నడుస్తోంది. అక్క పక్కన సర్దుకుని కూర్చున్నాను. బల్ల మీద కానుక ఫోన్లో పంపడానికి ఒక క్యూఆర్ కోడు కాగితం అంటించి ఉంది. మరదలు దాన్ని వేలితో చూపించి, "ఇదిగో, నీకోసమే పెట్టారు" అంది. నాకు నవ్వాగలేదు, పాట పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. గుడ్డ సంచీ మా వరసకి వచ్చింది. అక్క బైబిలు తెరిచి ఏడు నోట్లూ ఒక్కొక్కటిగా వేసింది. తొందర పడలేదు. సంచీ పట్టుకున్నాయన ఓపిగ్గా నిలబడ్డాడు. తరవాత అక్క నా వైపు చూసింది. నేను పిడికిలి విప్పాను. చెమటకి బిళ్ళ అరచేతికి అంటుకుపోయి ఉంది. దాన్ని సంచీలో వేశాను, నోట్ల మీద పడి చప్పుడు కూడా కాలేదు.

మధ్యాహ్నం అన్నం తింటుండగా మరదలు ఐదువందల సంగతి పూసగుచ్చినట్టు చెప్పేసింది. నేను కొన్న రేటు ముందు చెన్నై కౌంటరు వాడు ధర్మదాత అంది. అక్క నవ్వి నవ్వి పొలమారి, మంచినీళ్ళు తాగి మళ్ళీ నవ్వింది.

మొన్న రేపల్లె గుడిలో అక్కకి డెబ్భై ఒకటి. నేను ప్యాసింజరులో వెళ్ళాను. నా చేతిసంచీలో రూపాయి బిళ్ళలు ఇరవై ఉన్నాయి, ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా ఉంటాయి. అక్క తన నోట్లు వేసి, నేను బిళ్ళ వేసేదాకా ఆగి, నా చెవి దగ్గరికి వంగింది.

"నువ్వు ఐదొందలు పోసి కొన్న ఏడాదే. ఒక్క రోజు కూడా దండగ చెయ్యలేదే."