సీసాలోంచి తీసేసిన చీటీ

డెబ్బైల మొదట్లో పాతబస్తీలోని ఒక కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసు, ఇరవై నాలుగేళ్ళు, కళ్ళు నెత్తికెక్కి ఉన్న రోజులు. ఛత్రినాక నుంచి రోజూ నడిచి వచ్చేవాణ్ణి. దారి పొడుగునా ఎవరికేం నేర్పాలా అని ఆలోచిస్తూ వచ్చేవాణ్ణి తప్ప, నాకేమైనా తెలియాల్సింది మిగిలి ఉందేమోనన్న అనుమానం ఒక్కరోజూ రాలేదు.

ల్యాబు పక్కన మ్యూజియం గది ఉండేది. పేరుకే మ్యూజియం. చెక్క బీరువాల్లో స్పిరిట్ నింపిన సీసాలు, వాటిలో పాములు, కప్పలు, తేళ్ళు. ఆ గదిని చూసుకునే అటెండర్ అప్పటికే నలభై అయిదు దాటిన మనిషి, మాదన్నపేట నుంచి సైకిలు మీద వచ్చేవాడు. కాలేజీ అంతా ఆయన్ని మక్డీ భాయ్ అనేది. దక్కనీలో మక్డీ అంటే సాలీడు. ఆ పేరు రావడానికి కారణం ఆయన పెంచిన టరాంటులా.

అరచేతంత ఉండే, ఒళ్ళంతా నూగున్న సాలీడు అది. నేను చేరడానికి చాలా ఏళ్ళ ముందు, ఊరవతల రాళ్ళ గుట్టకు పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు, ఓ బండ కింది బొరియలోంచి ఆయనే పట్టాడట. కిటికీ పక్కన గాజుతొట్టిలో మట్టి పోసి, కొబ్బరిచిప్ప బోర్లించి, దానికో ఇల్లు కట్టాడు. ఇంట్లో బొద్దింకల్ని పట్టి ఖాళీ మందు సీసాలో వేసుకొచ్చి పెట్టేవాడు. అది కుబుసం విడవడానికి వెల్లకిలా పడుకుంటే చచ్చిపోయిందని ఆడపిల్లలు ఏడ్చేవారట. “సావలే బిడ్డా, అంగి మారుస్తున్నది” అని చెప్పి, లొల్లి చేయకుండా అందర్నీ బయటికి పంపేవాడట. దాని లాటిన్ పేరు రెండు ముక్కలూ ఆయనకు కంఠతా వచ్చు. ఉర్దూ బడిలో అయిదో తరగతి దాకా చదివిన మనిషి. అప్పటి డిపార్టుమెంటు హెడ్డు, ఆయన మాటల్లో పెద్దసారు, నోటితో చెప్పి నేర్పించాడు. ఆ పేరు ఇక్కడ రాయను. మళ్ళీ తప్పు రాస్తానేమోనని భయం.

తొమ్మిదేళ్ళు బతికి, నేను చేరకముందే అది చచ్చిపోయింది. పెద్దసారు దాన్ని స్పిరిట్‌లో పెట్టించి, చీటీ మక్డీ భాయ్ చేతనే రాయించాడు. లాటిన్ పేరు, దొరికిన గుట్ట పేరు, తారీకు, చివరి వరసలో పట్టినవాడి పేరు. ఇంగ్లిషు అక్షరాల్లో తన పేరు తాను రాసుకోవడం ఆయనకదే మొదటిసారట. నాలుగు కాగితాలు పాడుచేసి అయిదోదాని మీద నల్ల సిరాతో రాశాడట. ఇవన్నీ నేను చేరాక ల్యాబులో వాళ్ళూ వీళ్ళూ చెప్పుకోగా విన్నవి.

ఒకటి మాత్రం కళ్ళారా చూశాను. ఒక శనివారం మధ్యాహ్నం ఆయన తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇంగ్లిషు మీడియంలో చదివే పిల్ల. సీసా దించి, కిటికీ వెలుగులో పట్టుకుని, ఆ చివరి వరస చదవమన్నాడు. ఆ పిల్ల చిన్న గొంతుతో చదువుతుంటే ఆయన సీసా వైపు చూడలేదు, పిల్ల నోటి వైపే చూస్తూ నిలబడ్డాడు. నేను నా బల్ల దగ్గర్నుంచి, సీసాలు ఊరికే దించవద్దని చెప్పాను. అంతకన్నా ఏమీ చెప్పాలనిపించలేదు. లేచి వెళ్ళి చూడాలని కూడా అనిపించలేదు.

తర్వాతి సంవత్సరం ఒక విదేశీ పత్రిక వచ్చింది. మా సాలీడు పేరు మారిపోయిందని అందులో ఉంది. ఎవరో పండితుడు దాన్ని పాత ప్రజాతిలోంచి తీసి వేరే దాంట్లో కలిపాడు, దాంతో పేరులో మొదటి ముక్క మారిపోయింది. నాకు పండగైంది. ఈ నగరంలో ఈ సంగతి ముందు తెలిసింది నాకేనని మురిసిపోయాను. పైగా వారంలో తనిఖీ బృందం వస్తోంది. మ్యూజియంలో పేర్లన్నీ సరిచూసి కొత్త చీటీలు వేస్తానని, పెద్దసారు తర్వాత వచ్చిన హెడ్డుతో చెప్పి పని మొదలుపెట్టాను. టైపు చేసిన చీటీలు నీటుగా, చిన్నగా ఉన్నాయి. వాటి మీద లాటిన్ పేరు ఒక్కటే పట్టింది.

మక్డీ భాయ్‌తో పేరు మారిందని చెబితే, మొదట నవ్వాడు. ఇన్నేండ్లు గా పేరుతోనే పిలిస్తే అది ఒక్కనాడన్న వద్దన్నదా సార్, అన్నాడు. తర్వాత నేను సీసా మూత తీసి పట్టకారుతో పాత చీటీని పట్టుకోగానే దగ్గరికొచ్చాడు.

“పేరు మారితే మారనీయుండ్రి సార్. పాత చీటీ మాత్రం తియ్యకుండ్రి. కొత్తది దాని పక్కన ఎయ్యాలె. పెద్దసారు గట్లనే చేస్తుండె. దాంట్ల దొరికిన జాగ ఉన్నది, తారీకు ఉన్నది.”

తన పేరు ఉన్నదని అనలేదు. అది నాకిప్పుడు గుర్తొస్తుంది, అప్పుడు గమనించలేదు.

ఆయన చెప్పింది మా పనిలో మొట్టమొదటి నియమం. సీసాలో ఎన్ని చీటీలు చేరినా పాతది తీయకూడదు. పుస్తకాల్లో నేనూ చదివాను. కానీ ఒక అటెండరు నాకు చెప్పడమా? ఒక సీసాలో రెండు చీటీలు తేలుతుంటే తనిఖీవాళ్ళు నవ్విపోతారని కసిరాను. నాకు పాఠం చెప్పవద్దన్నాను, పిల్లల ముందే. తడి చీటీని ఉండ చేసి బుట్టలో పడేసి, బుట్ట ఖాళీ చేయమన్నాను. ఆయన బుట్ట తీసుకుని బయటికి వెళ్ళాడు. తనిఖీ బాగా జరిగింది. సీసాలు శుభ్రంగా ఉన్నాయని రాసి వెళ్ళారు. ఆ రోజు నుంచి మక్డీ భాయ్ పిల్లలకు ఏ పురుగు పేరూ చెప్పలేదు. అడిగితే, సార్‌ను అడుగుండ్రి అనేవాడు.

ఏళ్ళు గడిచాయి. ఎనభైల్లో సాలీళ్ళ మీద పనిచేసే ఒక పరిశోధకుడు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ గుట్టను అప్పటికే కంకర కోసం పగలగొట్టేశారు. అక్కడి టరాంటులా ఎక్కడైనా ఉందంటే మా సీసాలోనే ఉందని ఎవరో చెప్పారట. ఆయన సీసా తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు పట్టారు అని అడిగాడు. నేను తెలిసినంత నోటితో చెప్పాను. ఆయన మర్యాదస్తుడు, కోప్పడలేదు. నోటిమాట చెల్లదన్నాడు. చోటూ తారీకూ రాసిన చీటీ లేనిది ఇక ఉత్త చచ్చిన సాలీడేనన్నాడు. వెళ్తూ వెళ్తూ, మీరు రాసిన పేరు కూడా ఇప్పుడు లేదు, మళ్ళీ పాత పేరే ఖాయం చేశారు, అన్నాడు.

అంటే ఆ పాత చీటీలో తప్పన్నదే లేదు. గదికి ఆ మూలన మక్డీ భాయ్ బీరువాల అద్దాలు తుడుస్తున్నాడు. అంతా విన్నాడు. ఆ నెలాఖరుకే ఆయన రిటైర్మెంటు.

పరిశోధకుడు వెళ్ళాక ఆయన దగ్గరికి వెళ్ళాను. లోపల ఎక్కడో ఒక పిచ్చి ఆశ. ఆ రోజు ఆ చీటీ దాచావా భాయ్, అని అడిగాను.

“మీరు పారెయ్యమంటిరి గద సార్. పారేసిన. ఎనక గోడకాడ చెత్తల కలిపి కాలవెట్టిన.”

అందులో దెప్పిపొడుపు లేదు. చెప్పిన పని చేశానని చెప్పినట్టే చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. తప్పయిందన్నాను. ఫికర్ చెయ్యకుండ్రి సార్, అయిపోయిన ముచ్చట, అన్నాడు.

బల్ల దగ్గరికొచ్చి మంచి కాగితం ముక్క కత్తిరించాను. నల్ల సిరా తీశాను. ఇప్పుడు రాసినది ఎవరికీ చెల్లదని తెలుసు. అయినా ఆయన వెళ్ళిపోయే లోపల సీసాలో ఆయన పేరు ఉండాలనిపించింది. మీరే రాయండని కలం ఆయన చేతికివ్వబోయాను. కళ్ళు సరిగ కనపడుతలేవు, మీరే రాయుండ్రి అన్నాడు. సాలీడు పాత పేరు రాశాను. గుట్ట పేరు రాశాను. తారీకు ఆయనకు గుర్తుంది, చెప్పాడు, రాశాను. చివరి వరస దగ్గర కలం ఆగిపోయింది.

పదకొండేళ్ళు ఒకే గదిలో ఆయనతో పనిచేశాను. ఆ చీటీని చేతిలో పట్టుకున్నాను, చదవకుండానే ఉండ చేశాను. తలెత్తకుండానే, “భాయ్, మీ పూర్తి పేరేమిటి?” అని అడిగాను.

ఆయన ఏమీ అనుకోలేదు. నేను రాసుకోవడానికి వీలుగా, ఆగి ఆగి, రెండుసార్లు చెప్పాడు.