భిక్షువు పళ్లెంలో కోడికూర

ఉద్యోగం పోయిన చలికాలంలో ఒక ఆదివారం, ఈ పరాయి దేశంలో నేనుంటున్న నోవై పట్టణంలోని చిన్న బౌద్ధ విహారానికి స్నేహితుడితో వెళ్లాను. అక్కడి భిక్షువులు ఏదీ తమంతట తాము తీసుకోరు. భక్తులు చేతికి అందించినదే, అది ఏదైనా సరే, తింటారు. ఆ రోజు ఒక ముసలి భిక్షువుకు ఎవరో కోడికూర పెట్టారు.

"చూశావా బావా, స్వామీజీ చికెన్ లాగిస్తున్నాడు! ఈమాత్రానికి గుండు కొట్టించుకోవడమెందుకు?" అన్నాడు స్నేహితుడు.

నాకూ రోత పుట్టింది. మా తాతగారు రోజూ సాధువులకు అన్నం పెట్టించేవారు. తర్వాత మా పొలాలూ మేడా పోయినా, ఒకరి ముందు చెయ్యి చాచకూడదన్న ఆయన మాట నాతోనే ఉంది.

మధ్యాహ్నం దాటితే భిక్షువులు ఏమీ తినరు కాబట్టి, మిగిలిన వంటలు వచ్చినవాళ్లకు పంచారు. ముసలి భిక్షువు స్వయంగా నా ముందుకొచ్చి కోడికూర డబ్బా ఉన్న చెయ్యి చాచాడు. నేను ముందు రోజు నుంచీ సరిగా తినలేదు.

"నో, థాంక్యూ. ఇంట్లో వంట రెడీగా ఉంది" అన్నాను.

ఆయన తల వంచి, డబ్బాను నా స్నేహితుడికి అందించాడు.

"థాంక్యూ స్వామీజీ!" అంటూ వాడు రెండు చేతులా అందుకున్నాడు.

తిరుగుదారంతా కార్‌లో ఆ కూర వాసనే. వాణ్ణి దింపేసి ఇంటికొచ్చి, కోటు విప్పకుండా, చల్లటి స్టవ్ ఎదురుగా చాలాసేపు కూర్చున్నాను.