అమ్మ బీపీ, కుక్క నీరసం

మా ఇంట్లో ఆ ఏడాది ఇద్దరు రోగులు. ఒకరు అమ్మ, రెండోది కుక్క. అమ్మకు జబ్బుందని డాక్టరు అనేవాడు, అమ్మ ఒప్పుకునేది కాదు. కుక్కకు జబ్బుందని అమ్మ అనేది, నేను ఒప్పుకునేదాన్ని కాదు. ఇవి చాలనట్టు నాకూ ఒక జబ్బుందని మా ఆఫీసులో హెడ్ క్లర్కు అభిప్రాయం. దాని పేరు సెలవు. అది నాకు తరచూ తిరగబెడుతుందని ఆయన అందరికీ చెప్పేవాడు.

తొంభైల నాటి మాట. భిలాయి సెక్టర్ 6లో ఉండేవాళ్లం, అమ్మా నేనూ. నాన్న ఉక్కు ప్లాంటులో పనిచేస్తూ ఉండగానే బీపీ పెరిగి, తలలో నరం చిట్లి పోయారు. ఆయన బదులు నాకు ఆఫీసులో గుమాస్తా పని ఇచ్చారు. దాంతో మా క్వార్టరు నిలిచింది, ఆస్పత్రి వైద్యం నిలిచింది. మా వీధి నిండా విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే. మా అందరికీ ఇల్లు కంపెనీది, నీళ్లు కంపెనీవి, గోడకు కొట్టే సున్నం కంపెనీది, మందూమాకూ కంపెనీవి. కోపతాపాలు మాత్రం ఎవరివి వాళ్లవే. మా అమ్మ దగ్గర అవి పుష్కలంగా ఉండేవి.

ఊరికే వచ్చినదాన్ని పారేయడం అమ్మ దృష్టిలో మహాపాపం. నాన్నకు డ్యూటీలో ఇచ్చిన చేతితొడుగులు మా వంటింట్లో మసిగుడ్డలుగా ఏళ్ల తరబడి సేవ చేశాయి. నాకు దగ్గొస్తే ఆస్పత్రిలో ఇచ్చిన మందు, నా దగ్గు తగ్గాక కూడా సీసాలో మిగిలితే, వీధిలో ఎవరు దగ్గుతున్నారా అని అమ్మ చెవులు రిక్కించి కూర్చునేది. పొరబాటున పొలమారినవాడికి కూడా ఒక చెంచాడు తప్పేది కాదు.

అలాంటి అమ్మకు బీపీ వచ్చింది. మెడ వెనక లాగుతోందని, కళ్లు తిరుగుతున్నాయని గోడలు పట్టుకుని నడుస్తుంటే బలవంతాన ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరు అమ్మ చేతికి పట్టీ చుట్టి చూసి, మొహం గంభీరంగా పెట్టి, మాత్రలు రాశాడు. మందుల కౌంటరులో కాగితప్పొట్లం కట్టి ఇచ్చారు. అమ్మ ఆ పొట్లాన్ని ప్రసాదంలా కళ్లకద్దుకుని బొడ్లో దోపుకుంది. హమ్మయ్య అనుకున్నాను. హమ్మయ్య అనుకోవడంలో నాకు తొందరెక్కువ.

ఆ రోజునుంచి పొద్దున్నే చెప్పులేసుకుంటూ గుమ్మంలోంచి అరవడం నా పని.

“అమ్మా, మాత్ర మింగేవా?”

“మింగేనే. నువ్వెల్లు, ఆలీసమైపోతాది.”

ఇక కుక్క సంగతి. అది వీధికుక్క. ఒక వానాకాలం మా వరండాలో దూరి, వాన వెలిశాక వెళ్లడం మరిచిపోయింది. మొదట్లో అమ్మ మడీ తడీ అంటూ చీపురుతో తరిమేది. కొన్నాళ్లకు ఒక చేత్తో చీపురు పట్టుకుని, ఇంకో చేత్తో పెరుగన్నం పెట్టేది. ఆ తర్వాత చీపురు మూలకు వెళ్లిపోయింది. అమ్మ తన కంచంలో చెయ్యి పెట్టేముందు కుక్కకు ముద్ద కలిపి పెట్టాల్సిందే. దానితో రోజంతా కబుర్లు. మా వీధిలో ఇక్కడే పుట్టిన పిల్లలు అమ్మమ్మలతో కూడా హిందీలోనే దెబ్బలాడేవాళ్లు. వాళ్లకంటే మా కుక్కకే తెలుగు బాగా వచ్చు. “ఇట్రా” అంటే వచ్చేది, “సిగ్గులేదేటి” అంటే తల దించుకునేది.

అమ్మను మళ్లీ చూపించడానికి వెళ్తే బీపీ తగ్గలేదు. డాక్టరు మాత్ర పెంచాడు. ఇంకోసారి వెళ్తే ఇంకా తగ్గలేదు. ఇంకా పెంచాడు. ఉప్పు మానెయ్యమన్నాడు. అమ్మ ఊరగాయ జాడీ వైపు చూడటం కూడా మానేసింది, కనీసం నా ఎదుట. అయినా ఆ పట్టీ చుట్టగానే బీపీ గడియారంలో ముల్లు పైకే పోయేది. నాన్నకూ ఇలాగే మొదలైంది. డాక్టరు ముల్లు వైపు చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొచ్చేవారు. బయటికి వచ్చాక మాత్రం, నువ్వు ఏదో దొంగతనంగా తింటున్నావని అమ్మమీద విరుచుకుపడేదాన్ని. భయం వేస్తే నాకు నోరు లేస్తుంది.

అదే రోజుల్లో కుక్క నీరసపడటం మొదలైంది. పాలవాడి సైకిలు గంట వినబడినా లేచేది కాదు. లేస్తే కాళ్లు తడబడేవి. అమ్మ దాని పక్కన పీట వేసుకుని కూర్చుని, “ఏటైనాదిరా నాయినా” అని ఒళ్లు నిమిరేది. తన మెడ నొప్పి సంగతి అడిగితే విసుక్కునే మనిషి, కుక్క మెడ కింద దిండు పెట్టింది. నాకు ఒళ్లు మండింది.

అమ్మను చూడటానికి వీధిలోవాళ్లు వచ్చేవాళ్లు. మా వాళ్లలో ఒంట్లో బాగోలేదని తెలిసి పరామర్శకు వెళ్లకపోతే జీవితాంతం దెప్పుతారు, వెళ్తే సలహా ఇవ్వకుండా రారు. రొట్టె పొట్లం, నాలుగు బత్తాయిలు పట్టుకుని వచ్చి, ఒకరు వెల్లుల్లి మింగమనేవారు, ఒకరు మునగాకు రసం తాగమనేవారు. అమ్మ అందరికీ ఒకటే జవాబు. “నాకేటి, రాయిలాగున్నాను. దాన్ని సూడండి, ఎలాగైపోనాదో.” దాంతో సభ మొత్తం కుక్కవైపు తిరిగేది. కాసేపటికి వెల్లుల్లి కుక్కకు మంచిదా కాదా అని వాదన పడేది. బీపీ ఉన్న మనిషి ఆ వాదనకు పెద్దమనిషిగా కూర్చుని, వచ్చినవాళ్లందరికీ టీ కాచి ఇచ్చేది.

చివరికి ఒక రోజు అమ్మ సత్యాగ్రహం చేసింది. కుక్కను డాక్టరుకు చూపిస్తేనే తను ఆస్పత్రికి వస్తానంది. హెడ్ క్లర్కుకు అమ్మ కారణం చెప్పి సెలవు తీసుకున్నాను. కుక్క కారణం చెబితే ఆయన కుర్చీలోంచి పడిపోతాడు. పొద్దున్న ఆస్పత్రి, అక్కణ్నుంచి ఊళ్లోనే సుపేలా పేటలో పశువుల డాక్టరు. ఇద్దరు రోగులకూ ఒకటే ఆటో మాట్లాడాను.

ఆటోవాడు కుక్కను చూసి వెనక్కి తగ్గాడు. “దీదీ, సీటు పాడైపోతుంది.”

“నీ సీటు కన్నా మా కుక్కే సుబ్బరంగుంటాది,” అంది అమ్మ.

“మాతాజీ నిన్ను దీవిస్తోంది భయ్యా,” అని హిందీలో అనువాదం చేశాను. వాడు ఈ ఊళ్లో ఎన్నేళ్లనుంచి ఆటో తోలుతున్నాడో, తెలుగు అర్థమైనట్టే నవ్వి ఎక్కించుకున్నాడు.

ఆస్పత్రిలో మేం లోపల ఉన్నంతసేపూ కుక్క ఆటోలోనే పడుకుంది. ముల్లు ఈసారి మరీ పైకి పోయింది. డాక్టరు పట్టీ విప్పి నావైపు చూసి, ఇలాగే ఉంటే ఎప్పుడైనా ప్రమాదమే అన్నాడు. మాత్రలు మళ్లీ పెంచాడు. అమ్మ కొత్త పొట్లం బొడ్లో దోపుకుని, “అయిపోనాదా? అది ఆటోలో ఒక్కర్తీ ఉంది,” అని లేచింది.

సుపేలాలో పెద్దరోడ్డు మీదనుంచి సందులోకి వెళ్తే గేదెల పాకలు. ఆ పక్కనే పశువుల డాక్టరు. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లంతా పాలవ్యాపారులు. అలవాటు కొద్దీ మా కుక్కను కూడా ముందు కొమ్ముల కోసం చూసినట్టు చూశాడు. బల్లమీద పడుకోబెట్టి, కనురెప్ప ఎత్తి చూశాడు, చిగుళ్లు చూశాడు, గుండె దగ్గర గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. అమ్మ దాని తోక పట్టుకుని నిలబడింది.

“ఏం పెడుతున్నారు దీనికి?” హిందీలో అడిగాడు.

“పెరుగన్నం,” అన్నాను.

“పెరుగన్నానికి గుండె ఇంత నెమ్మదిగా కొట్టుకోదు. చెవులు చల్లబడిపోయాయి. ఏదో జహర్ లోపలికి పోయింది. ఒక్కసారి కాదు, రోజూ కొంచెం కొంచెం. ఎవరో పెడుతున్నారు.”

జహర్ అంటే విషమని అమ్మకు తెలుసు. ఈ ఊరొచ్చి పాతికేళ్లు దాటినా హిందీలో అమ్మ నేర్చుకున్నవి కూరగాయల పేర్లు, తిట్లు, ఈ మాట. తోక వదిలేసింది. మొహం ఎర్రబడింది.

“జహరేటి! మా ఇంట్లో జహరెవులు పెడతారు! ఇసం కాదు బాబూ, కంపెనీ మందే!”

బొడ్లోంచి పొట్లం తీసి బల్లమీద పెట్టింది.

డాక్టరు నావైపు చూశాడు, అనువదించమన్నట్టు. నేను అమ్మ వైపు చూశాను. అప్పుడు బయటపెట్టింది, తన బీపీ మాత్రలు రోజూ పెరుగన్నం ముద్దలో కలిపి కుక్కకు పెడుతోందట. మొదట ఒకటి. డాక్టరు పెంచినప్పుడల్లా తనూ పెంచింది, మందు మిగిలిపోకూడదు కదా. కుక్క నీరసంగా కనిపించిన రోజున పాపం బలం చాలడం లేదేమోనని ఇంకొకటి ఎక్కువ వేసింది. ఇదంతా నేను హిందీలో చెప్పాలి. నా జీవితంలో అంత కష్టమైన అనువాదం మళ్లీ చేయలేదు.

ఆయన నవ్వలేదు. పొట్లం విప్పి మాత్ర చూశాడు, సెలైను సీసా తగిలించమని తన దగ్గర పనిచేసే మనిషికి చెప్పాడు. సాయంత్రానికి లేస్తుందన్నాడు. తర్వాత అమ్మను కిందినుంచి పైదాకా చూసి నన్నడిగాడు.

“మందు కుక్క తింటే, మాతాజీ ఏం తింటున్నట్టు?”

అప్పటిదాకా నా కోపమంతా కుక్క గురించి. ఆ మాటతో నాకు రెండు సంగతులు తట్టాయి. ఇన్నాళ్లూ అమ్మ ఒక్క మాత్ర కూడా లేకుండా, ఆ ముల్లు అంత పైన పెట్టుకుని, టీలు కాస్తూ తిరిగింది. అది ఒకటి. ఇప్పుడు నేను భయపడి డాక్టరు కొత్తగా రాసిన మోతాదంతా ఒక్కసారి మింగిస్తే, ఈ బల్లమీద కుక్క పడి ఉన్నట్టు అమ్మ మంచంలో పడుతుంది. అది రెండు.

కుక్కను అక్కడే వదిలి మళ్లీ ఆస్పత్రికి పరిగెత్తాం. అమ్మ రానని మొరాయించింది, దాని దగ్గరే కూర్చుంటానంది. “మందు పెట్టిందీ నువ్వే, కాపలా కాసేదీ నువ్వేనా” అని అరిచాను. పాలవ్యాపారులు గేదెలను వదిలి మమ్మల్ని చూశారు.

ఆస్పత్రి వరసలో సగంమంది మా వీధివాళ్లే. ఎంత గొంతు తగ్గించి చెప్పినా చెవులు సాగదీసుకుని విన్నారు. డాక్టరు కలం కింద పెట్టాడు.

“అంటే ఇన్నాళ్లూ నేను కుక్కకు వైద్యం చేశానా?”

“మందు కుక్కకేనండి. బీపీ మాత్రం అమ్మదే,” అన్నాను.

ఆయన రాసినవన్నీ కొట్టేసి, మొదట రాసిన చిన్న మాత్ర దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు. మేం ఇల్లు చేరేలోపు కబురు సెక్టరంతా చేరింది. ఆ వారం పరామర్శకు వచ్చినవాళ్లెవరూ కుక్కకు సలహాలు ఇవ్వలేదు, క్షమాపణ చెప్పినట్టు బిస్కెట్లు తెచ్చారు.

ఆస్పత్రికి పరిగెత్తిన రోజు సాయంత్రమే కుక్కను తెచ్చి వరండాలో పడుకోబెట్టాం. తోక కొంచెం కదిలింది. అమ్మ దాని దగ్గర కూలబడి ఏడ్చింది. ఏడుపు అయ్యాక నేను మాత్ర, గ్లాసుతో నీళ్లు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

“ఇష్టం లేకపోతే పారేయలేకపోయావా?”

“పారీడమేటి? మీ నాన్న కష్టం మీద వచ్చిన మందు.”

“మింగనూ లేదు కదా.”

“మీ నాన్న ఒక్క రోజు మానకుండా మింగేరు. పోనారా లేదా? నాను ఒక్కటీ మింగలేదు. ఉన్నానా లేదా?”

తిట్టడానికే నోరు తెరిచాను. తిట్టు రాలేదు.

“నాకు భయమేస్తోందమ్మా. నాన్నలా నువ్వూ పోతే ఈ ఇంటికి నేను ఎవరికోసం రావాలి? నువ్వుండాలి. నాకోసం ఉండు.”

కుక్క ఒళ్లు నిమురుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

“రోజూ పొద్దున్నే మాత్ర మింగేవా, మాత్ర మింగేవా అని కేకేసి పోతావు, హాజరేసినట్టు. ఉండమ్మా అని ఈయేలే అన్నావు.”

నా చేతిలోంచి మాత్ర తీసుకుంది. నోట్లో వేసుకుని, చేదుకు మొహమంతా ముడుచుకుని, గ్లాసెడు నీళ్లూ తాగింది. తర్వాత నాకు నమ్మకం కుదరడానికి నోరు బార్లా తెరిచి, నాలుక కూడా ఎత్తి చూపించింది.

“సూసుకో,” అంది.

నా కళ్లనిండా నీళ్లు. ఏమీ కనిపించలేదు. చూశానన్నాను.